రెండు మొదటి కాన్పులు

"మూత గట్టిగ వెట్టినవా? మొన్న పచ్చిపులుసు కారి సంచంత ఖరాబైంది," అన్నాడు విజయేందర్, అద్దం ముందు తల దువ్వుకుంటూ. నేను మూత ఇంకోసారి తిప్పి, డబ్బాను తలకిందులు చేసి చూపించాను. ఆయన చూడలేదు. పెళ్లయిన ఇరవై నాలుగేళ్లుగా మా ఇంట్లో సరిచూసే పని నాదే. గ్యాస్ కట్టేశామా, మోటారు ఆపామా, ఆయన బీపీ గోలీలు ఎన్ని మిగిలాయి, నాంపల్లిలో మా వాడకు ఏ రోజు నల్లా వస్తుంది, అన్నీ నా తలలోనే ఉండాలి. మా అత్తమ్మ పక్షవాతంతో మంచాన పడ్డ రెండేళ్లూ ఆమెను ఎన్నింటికి ఏ పక్కకు తిప్పాలో కూడా నాకే గుర్తుండేది. ఆమె పోయి నాలుగేళ్లయింది. ఇప్పటికీ పొద్దున ఆరింటికి నా చేతులు ఆ పని కోసం లేస్తాయి. ఇవన్నీ సక్రమంగా జరిగినంతకాలం ఎవరికీ కనిపించవు. ఏదైనా తప్పినప్పుడు మాత్రం "నర్మదా!" అని ఒక కేక వినిపిస్తుంది.

ఆఫీసులోనూ నాది అదే పని. "మా ఇంటామె జేసేదేంది, ఒకలు రాసిందాన్ని ఇంకోసారి జూసుడు, గంతే," అని చుట్టాల ముందు నవ్వుతూ చెబుతాడు విజయేందర్. అబద్ధమేమీ కాదు. గన్‌ఫౌండ్రీలో ఒక బ్యాంకు పైన మూడో అంతస్తులో ఉంటుంది మా సంస్థ. నగరంలోని చిన్న చిన్న కాన్పుల ఆసుపత్రుల నుంచి తల్లీబిడ్డల వివరాలు మా దగ్గరికి వస్తాయి. తల్లి పేరు, వయసు, ఎన్నో కాన్పు, బిడ్డ బరువు, వేసిన టీకాలు. వాటిని కంప్యూటర్‌లో ఎక్కించేవాళ్లు వేరే ఉన్నారు. ఎక్కించినదాంట్లో తప్పులు పట్టుకోవడం నా పని. పుట్టిన బిడ్డ ఇరవై ఎనిమిది కిలోలు ఉండదు, చుక్క పెట్టడం మరిచారు. పన్నెండేళ్ల తల్లి అని ఉంటే ఇరవై ఒకటి తిరగబడిందో, లేక నిజంగానే పన్నెండో, ఫోన్ చేసి కనుక్కోవాలి. రెండుసార్లు నిజంగానే పన్నెండు. పద్దెనిమిదేళ్లుగా ఇలా వరుసలు చూస్తూ కూర్చున్నాను.

ఈ ఏడాది మా అమరేశ్వరరావు సార్ కొత్త ఏర్పాటు తెచ్చారు. ఇకమీదట తప్పుల్ని మనిషి చూడక్కర్లేదు, కంప్యూటరే పట్టుకుంటుంది. తప్పు వరుస ఎర్రగా మారుతుంది, సంబంధించినవాళ్ల ఫోన్‌కు అలర్ట్ వెళుతుంది, కొన్నింటిని అదే సరిచేసేస్తుంది. అయితే ఏది తప్పో దానికి ముందు ఎవరో చెప్పాలి కదా. అందుకోసం కీర్తిని తీసుకున్నారు. ఇరవై నాలుగేళ్ల అమ్మాయి, నెమ్మదస్తురాలు, మా కూతురు స్నేహలత కన్నా అయిదేళ్లు పెద్ద. రెండు నెలలు నా పక్కనే కుర్చీ వేసుకుని కూర్చుంది. "మేడం, దీన్ని చూడంగానే తప్పని మీకెట్ల తెలిసింది?" అని అడిగేది. అట్లా అడిగినవాళ్లు అంతకుముందు ఎవరూ లేరు. నాకు ఎంత సంబరంగా ఉండేదంటే, ఇంటి నుంచి ఆ పిల్లకు కూడా డబ్బా కట్టుకుని వెళ్లేదాన్ని. నాకు తెలిసినదంతా చెప్పాను. చెప్పగా చెప్పగా నలభై మూడు రూల్స్ అయ్యాయి. వాటిని సార్ పెద్ద తెర మీద వేసి అందరికీ చూపించిన రోజు, వాటి కింద "పాత మాన్యువల్ పద్ధతి నుంచి" అని రాసి ఉంది. ఆ పద్ధతి నేనే. నేను ఆ గది చివర నిలబడి, వచ్చినవాళ్లకు సమోసాలు సరిపోతాయా అని లెక్క చూస్తున్నాను, ఎందుకంటే "నర్మద గారైతే మర్చిపోరు" అని ఆ పనీ నాకే చెప్పారు. నా కాంట్రాక్ట్ ఆ నెలాఖరుతో ముగుస్తుందని మర్నాడు చెప్పారు. చెప్పేటప్పుడు ఆయన గొంతు ఎంతో మర్యాదగా ఉంది.

ఆ నలభై మూడింటిలో ముప్పై ఒకటో రూల్ గురించి చెప్పాలి. ఒకే తల్లికి రెండు మొదటి కాన్పులు ఉండవు. తల్లి పేరు, భర్త పేరు, ఊరు ఒకటే అయి, రెండు వరుసల్లోనూ "మొదటి కాన్పు" అని ఉంటే ఒకటి డూప్లికేట్. రెండింటిలో ఏ వరుసలో వివరాలు తక్కువగా ఉన్నాయో, ఏ బిడ్డకు పేరూ టీకాలూ లేవో, దాన్ని తీసేయాలి. ఎవరో రెండుసార్లు ఎక్కించి, తేదీ కూడా తప్పు కొట్టి ఉంటారని మా నమ్మకం. కీర్తి దాన్ని రాసుకుంటూ, "తీసెయ్యడం కూడా ఆటోమేటిక్ పెట్టెయ్యనా మేడం?" అని అడిగింది. పెట్టేయమన్నాను. నేనైనా ఇన్నాళ్లూ చేసింది అదే కదా. వరుస మీద నొక్కడం, తీసేయడం, కిందిదానికి వెళ్లడం.

కొత్త ఏర్పాటును పరీక్షించడానికి పాత రిజిస్టర్లు కావాల్సి వచ్చాయి. నాంపల్లిలో ఎప్పుడో మూతబడ్డ ఒక నర్సింగ్ హోం రిజిస్టర్లు మా దగ్గర గోనె సంచుల్లో ఉన్నాయి. వాటి పేజీలన్నీ ఫోటోలు తీయించి, వివరాలు ఎక్కించి, మా రికార్డులతో కలిపారు. ఒక శుక్రవారం మధ్యాహ్నం భోజనాలయ్యాక కీర్తి ఆ కొత్త ఏర్పాటును నడిపించింది. అరగంటలో తెర ఎర్రబడింది. ముప్పై ఒకటో రూల్ కింద నూట ఎనభై ఏడు వరుసలు వచ్చాయి. "ఈ ఒక్కసారికి తీసే ముందు మీరు చూసి సరే అనండి మేడం, సోమవారం పొద్దున అదే తీసేస్తది," అంది. నేను కళ్లజోడు తుడుచుకుని మొదలుపెట్టాను.

అరవయ్యో వరుస దాటాక నా పేరు కనిపించింది.

మొదట నవ్వొచ్చింది. నర్మదలు చాలామంది ఉంటారు. భర్త పేరు విజయేందర్. ఇంటి నంబరు మాదే. కింద 2006, మొదటి కాన్పు, ఆడ, స్నేహలత, టీకాలన్నీ వేశారు. పైన 2003 ఆగస్టు, మొదటి కాన్పు, ఆడ, పేరు లేదు, టీకాలు లేవు. పక్కన కంప్యూటర్ రాసింది: డూప్లికేట్, పై వరుస తీసివేయదగినది.

స్నేహ పుట్టినప్పుడు "ఎన్నో కాన్పు?" అని నర్సు అడిగింది. "మొదటిది," అంది అత్తమ్మ. నేను పక్కనే మంచం మీద ఉన్నాను. నోరు తెరవలేదు. చచ్చి పుట్టిన బిడ్డను లెక్కలోకి తీసుకోరేమోనని, తీసుకుంటే ఈ బిడ్డకు దిష్టి తగులుతుందేమోనని, ఇంకేవో అనుకున్నాను. ఆ అబద్ధం ఇప్పుడు నా ముందు ఎర్రగా నిలబడింది. నేను చెప్పిన రూలే నా పెద్దకూతుర్ని తీసేయమంటోంది.

పక్కనే రిజిస్టర్ పేజీ ఫోటో ఉంది. దాన్ని తెరిచి ఉండకపోతే బాగుండేదని ఆ సాయంత్రం చాలాసార్లు అనుకున్నాను. డాక్టర్ చేతిరాత. పొద్దున పదీ ఇరవైకి ఆడబిడ్డ పుట్టింది. ఏడ్చింది. పదహారు వందల గ్రాములు. ఊపిరి కష్టంగా ఉంది, పిల్లల పెద్దాసుపత్రికి తీసుకెళ్లాలని చెప్పాం. బంధువులు ఒప్పుకోలేదు. మర్నాడు సాయంత్రం అయిదింటికి చనిపోయింది. కింద విజయేందర్ సంతకం. ఆయనది అందమైన చేతిరాత. అబిడ్స్‌లో పెన్నుల దుకాణంలో పనిచేసే మనిషి, కొనేవాళ్లకు పెన్ను నడక చూపించడానికి తన పేరే రాసి చూపిస్తాడు. చివరి అక్షరం కింద అదే గీత.

నాకు చెప్పింది వేరు. ఆ నర్సింగ్ హోంలో కాన్పప్పుడు రక్తం చాలా పోయి స్పృహ తప్పాను. మెలకువ వచ్చేసరికి మధ్యాహ్నం. "సచ్చి పుట్టింది బిడ్డా. దేవుని దయ లేదు," అంది అత్తమ్మ. చూస్తానన్నాను. తీసుకుపోయారంది. పాలు పడి రవిక తడిసిపోతుంటే పాత చీరె చింపి గట్టిగా కట్టింది. ఆ రోజూ మర్నాడూ గోడ అవతల నుంచి సన్నగా ఒక ఏడుపు వినిపిస్తూనే ఉంది, పిల్లికూనది లాంటిది. అది వినిపించినప్పుడల్లా కట్టిన గుడ్డ తడిసేది. "గా ఏడ్సేది ఎవలి బిడ్డ?" అని అడిగాను. "ఎవలదో. నువ్వు పండు," అంది. మర్నాడు సాయంత్రం ఏడుపు ఆగిపోయింది. ఎవరో తల్లి పాలిచ్చి ఉంటుంది, బిడ్డ పడుకుని ఉంటుంది అనుకున్నాను. నిజంగా అట్లా అనుకున్నాను. ఆ తల్లిని చూసి కొంచెం అసూయ కూడా పడ్డాను.

అత్తమ్మ పోయే ముందు వారం, నేను ఒళ్లు తుడుస్తుంటే కుడిచేత్తో నా చెయ్యి పట్టుకుని చాలాసేపు ఏడ్చింది. అప్పటికే మాట పోయింది. చేసిన సేవకు కృతజ్ఞత అనుకుని ఆమె కన్నీళ్లు తుడిచాను.

నాలుగున్నరకు లేచాను. "మేడం, ఒంట్లో బాగలేదా?" అంది కీర్తి. తలనొప్పి అన్నాను. గన్‌ఫౌండ్రీ నుంచి అబిడ్స్ దాకా ఎలా నడిచానో తెలియదు. ఆయన దుకాణం ముందు నిలబడితే అద్దంలోంచి చూసి బయటికి వచ్చాడు. "ఏంది, గ్యాస్ గిట్ల అయిపోయిందా?" అన్నాడు. మాట్లాడాలన్నాను. నా ముఖం చూసి యజమానికి చెప్పి వచ్చాడు. మొజంజాహీ మార్కెట్ దాకా నేను ముందు, ఆయన వెనక. ఐస్‌క్రీమ్ దుకాణాల ముందు కుర్చీలు వేసి ఉన్నాయి. శుక్రవారం సాయంత్రం, పిల్లలతో కుటుంబాలు. ఒక మూల కూర్చున్నాం.

ఫోన్‌లో తీసుకున్న ఆ పేజీ ఫోటో ముందు పెట్టాను. చదివాడు. చదివాక ఫోన్‌ను బోర్లా పెట్టాడు.

"ఎక్కడిది గిది?"

"మా ఆఫీసుకు వచ్చింది. నువ్వు సంతకం పెట్టినవ్."

పెళ్లయిన నాటి నుంచి ఆయన్ని 'మీరు' అనే పిలిచాను. ఆ 'నువ్వు' నా నోట్లోంచి ఎప్పుడు వచ్చిందో నాకు తెలియలేదు. ఆయనకు తెలిసింది.

"అమ్మ వద్దన్నది," అన్నాడు. "డాక్టర్ సాబ్ బతికినా సక్కగ ఉండదేమో అన్నడు. నీకేమో రక్తం వోతుండె. నేను ఒక్కన్ని. నిన్ను ఇడిసి ఆ పిల్లను వట్టుకుని ఎక్కడికి వోదు? ఆడపిల్ల, దక్కేది గాదు, దానికి ఉరుకులాడి తల్లిని సంపుకుంటవా అన్నది అమ్మ."

"సరే. చూపియ్యకపోతిరి ఎందుకు? ముప్పై గంటలు. గోడ అవతల్నే ఉండె."

"జూపిస్తే ఇడుస్తువా నువ్వు?"

"ఇడవకపోదును."

"గందుకే," అన్నాడు. ఆ మాట అని ముఖం రెండు చేతుల్లో దాచుకున్నాడు. దుర్మార్గుడైతే నాకు తేలికయ్యేది. ఆ తర్వాత ఇరవై రెండేళ్లు ఈ మనిషి పక్కన పడుకున్నాను, జ్వరమొస్తే కషాయం కాచాను, ఈయన చెమట వాసన కూడా నాకు ఇల్లే. ఆ ముప్పై గంటల్ని లోపల దాచుకుని ఈయన రోజూ డబ్బా తీసుకుని దుకాణానికి వెళ్లాడు.

"నువ్వు చూసినవా?" అన్నాను.

"రెండుసార్లు వోయిన."

"ఎట్లుండె?"

నేలకేసి చూశాడు. "గిన్నేండ్లాయె నర్మదా. యాదికి లేదు." తర్వాత, నేను కదలకుండా కూర్చున్నది చూసి, "జుట్టు ఒత్తుగ ఉండె," అన్నాడు. "నెత్తి నిండ."

అదొక్కటే నాకు దొరికింది. నల్లగానా, ఉంగరాలా, చెవుల మీదికి వచ్చిందా, ఏదీ అడగలేదు. అడిగితే కల్పించి చెబుతాడేమోనని భయం వేసింది. పక్క బల్ల దగ్గర ఎవరో సీతాఫలం ఐస్‌క్రీమ్ ఇంకోటి తెమ్మని కేక వేశారు. విజయేందర్ కళ్లు తుడుచుకుని లేచాడు. "గిప్పుడు దీన్ని తవ్వి ఏం జేస్తవ్? సచ్చిపోయిన అమ్మను తిడ్తవా? ఆ కంప్యూటర్ల ఉన్నది తీసెయ్. తప్పులు తీసుడే గద నీ పని."

శనివారం, ఆదివారం నేను వంట చేశాను, బట్టలుతికాను, వెనక గదిలో చాప పరుచుకున్నాను. ఆదివారం మధ్యాహ్నం వరంగల్‌లో చదువుకుంటున్న స్నేహకు ఫోన్ చేసి అంతా చెప్పాను. "నాకు అక్క ఉండెనా అమ్మా?" అంది. "ఒక్కసారన్నా చెప్పకపోతివి గద." అది నన్ను తప్పుపట్టడానికి అనలేదు. అయినా సరిగ్గా తగలాల్సిన చోటే తగిలింది. బాపు మీద కోపం తెచ్చుకోవాలా వద్దా అని అడిగింది. అది నువ్వే తేల్చుకో బిడ్డా, నాకే ఇంకా తెలియలేదు అన్నాను.

నా బిడ్డ గురించి ఏడుస్తూ ఉండగానే, ఆ సాయంత్రం, బియ్యంలో రాళ్లు ఏరుతున్నప్పుడు, ఇంకొకటి తట్టి చేతులు ఆగిపోయాయి. పద్దెనిమిదేళ్లు. ముప్పై ఒకటో రూల్‌ను కంప్యూటర్‌కు నేర్పకముందు ఇన్నాళ్లూ నేనే నా చేత్తో చేశాను. రెండు మొదటి కాన్పులు కనిపించినప్పుడల్లా ఆసుపత్రికి కూడా ఫోన్ చేసేదాన్ని కాదు, అంత ఖాయం నాకు. పేరు లేని వరుసను తీసేసేదాన్ని. వారానికి ఒకటి రెండైనా వచ్చేవి. అందులో ఎన్ని నిజంగా రెండుసార్లు ఎక్కించినవి? ఎన్ని మంచాల పక్కన ఏ అత్తలు, ఏ మొగుళ్లు "మొదటిదే" అని చెప్పారు? ఎంతమంది నాలాగా నోరు మూసుకుని పడుకున్నారు? పేజీ శుభ్రంగా ఉందని సంతోషించిన ప్రతి సాయంత్రమూ గుర్తొచ్చింది. నా పనిని నేను ప్రేమించాను. అది చెప్పుకోవడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది.

సోమవారం ఎనిమిదిన్నరకే ఆఫీసుకు వెళ్లాను. కీర్తి వచ్చీ రాగానే, "ఆ తీసేసేది ఆపు," అన్నాను. ఆమె నా ముఖం చూసింది, ప్రశ్న అడగకుండా ఆపింది. తర్వాత నా వరుస తెరిచి చూపించాను. పైనుంచి కింది దాకా చదివింది. రెండు నెలలుగా మేడం అన్న పిల్ల, "అక్కా," అని నా భుజం పట్టుకుని అట్లాగే నిలబడిపోయింది.

పదింటికి సార్ పిలిచారు. "ఏమ్మా, నూట ఎనభై ఏడు ఎర్రగా అట్లాగే ఉన్నాయి? ఆ రూల్ మీరు ఇచ్చిందే కదా?"

"నేనే తప్పు ఇచ్చాను సార్. రెండు కాన్పులూ నిజమే అయి ఉండొచ్చు. తప్పు 'మొదటి' అన్న మాటలో ఉంది, బిడ్డలో లేదు."

"మరి ఏది ఏమిటో ఎలా తేలుతుంది? మిషన్‌కు ఏం తెలుసు?"

"దానికి తెలియదు. తల్లిని అడగాలి. రెండో కాన్పు వరుసలో వాళ్ల ఫోన్ నంబర్లు ఉన్నాయి."

ఆయన కుర్చీలో వెనక్కి వాలారు. "నెలాఖరుకు ఢిల్లీ నుంచి చూడ్డానికి వస్తున్నారు. తెర మీద ఇంత ఎరుపు కనిపిస్తే ఏమనుకుంటారు?"

"ఉండనివ్వండి సార్. అది తీసేస్తే రిపోర్టు శుభ్రంగా ఉంటుంది గానీ నిజం ఉండదు. ఆ తీసేసేవాటిలో నా బిడ్డ కూడా ఉంది."

ఆయనకు వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక కళ్లజోడు తీసి చేతిలో పట్టుకున్నారు. ఆయన్ని అంత ఇబ్బందిలో ఎప్పుడూ చూడలేదు. "సారీ అమ్మా," అన్నారు. ఆ వెంటనే, "కానీ ఫోన్లు ఎవరు చేస్తారు? మీ కాంట్రాక్ట్ నెలాఖరు వరకే కదా," అన్నారు.

"నెలాఖరుకు పదకొండు పనిదినాలున్నాయి. నేనే చేస్తాను. అప్పటికి కాకపోతే మిగిలినవి ఎర్రగానే ఉండాలి. తల్లిని అడగనిదే ఏదీ తీయకుండా కీర్తి కొత్త రూల్ రాస్తుంది. అది ఎవరి పేరున వెళ్లినా నాకు ఫరవాలేదు."

సరే అనలేదు, వద్దనీ అనలేదు. నేను నా కుర్చీకి వచ్చేశాను.

ముందు నా వరుసలు సరిచేశాను. 2006 దగ్గర మొదటి కాన్పు తీసి, రెండో కాన్పు అని కొట్టాను. రెండు వరుసల ఎరుపూ పోయింది. పైవరుసలో పేరు గడి ఖాళీగా ఉంది. అందులో కర్సర్ పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. ఏ పేరూ రాలేదు. చచ్చి పుట్టిందనుకున్న బిడ్డకు పేరు ఆలోచించడానికి కూడా నాకు నేను ఎన్నడూ అనుమతి ఇచ్చుకోలేదు. ఆ గడి ఖాళీగానే వదిలేసి, జాబితాలో మొదటి వరుసకు వెళ్లాను.

తల్లి పేరు సునంద. 2004లో మగబిడ్డ, పేరు లేదు. 2008లో ఇంకో బిడ్డ. ఫోన్ మోగుతుంటే పెట్టేద్దామా అనిపించింది. మానిన గాయాన్ని గెలకడానికి నేనెవరిని? ఎత్తింది. వెనక మూటలు దించుతున్న చప్పుడు, ఎవరో మిరపకాయలని అరుస్తున్నారు.

"అమ్మా, కాన్పుల రికార్డుల ఆఫీసు నుంచి నర్మదను మాట్లాడుతున్నాను. మీరు తీరికగా ఉన్నారా? ఒక సంగతి అడగాలి. ఇష్టం లేకపోతే చెప్పకండి, నేనేమీ అనుకోను."

"బేగం బజార్ల దుకాణం మీదున్న. ఏందమ్మా చెప్పుండ్రి."

"రెండు వేల నాలుగులో మీకు నాంపల్లిలో ఒక బాబు పుట్టినట్టు మా దగ్గర ఉంది. నిజమేనా?"

"జర ఆగుండ్రి," అంది గొంతు తగ్గించి. అడుగుల చప్పుడు, తలుపు వేసిన చప్పుడు, ఆ తర్వాత మిరపకాయల అరుపు వినిపించలేదు.

"ఔ," అంది. "పుట్టిండు. నాలుగు దినాలున్నడు. నా ఒళ్లెనే వోయిండు. మా ఇంట్ల వాని మాట ఎవ్వలు ఎత్తరు. మీకెట్ల తెల్సింది?"

"రాసి ఉందమ్మా. పేరు మాత్రం లేదు. మీరు చెబితే రాస్తాను."

ఆలోచించుకోవడానికి సమయం కావాలంటుందని, తర్వాత చేయమంటుందని అనుకున్నాను. ఆమె ఒక్క క్షణం కూడా ఆగలేదు. శశికిరణ్ అని చెప్పింది. నేను తప్పు రాస్తానేమోనని, ఒక్కో అక్షరం విడగొట్టి, నెమ్మదిగా మళ్లీ చెప్పింది.